కంపెనీకి తెలిసిన లోపం కొన్నవాడికీ తెలియాలి

సంపాదకుల వారికి,

వేగానికి పేరుపడ్డ ఖరీదైన సెడాన్ల మీద పత్రికల్లో రాతలకు కొదవ లేదు. నూరు కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో దశాంశాలతో సహా చెబుతారు. లక్ష కిలోమీటర్లు తిరిగాక ఆ ఇంజన్ లోపల ఏమవుతుందో మాత్రం రాయరు. ఇలాంటి బండ్లు విప్పి బిగించే పనిలో ఉన్నవాణ్ణి కనుక ఈ ఉత్తరం.

2005లో అమ్మకానికొచ్చిన బీఎండబ్ల్యూ ఎం5 సంగతే చూడండి. ఐదు లీటర్ల వీ10 ఇంజన్ (వీ ఆకారంలో రెండు వరుసల్లో పది సిలిండర్లు), 500 హార్స్‌పవర్, నిమిషానికి 8,000 చుట్లు దాటి తిరుగుతుంది. ఆ శబ్దానికి మనసు పారేసుకోనివాళ్లు తక్కువ, నేనూ వాళ్లలో లేను. అయితే ఇంజన్ ఇరుసులాంటి క్రాంక్‌కూ, పిస్టన్లను దానికి కలిపే కనెక్టింగ్ రాడ్లకూ నడుమ ఉండే బేరింగులు చాలా ఇంజన్లలో తొందరగా అరిగిపోతాయి. పైకి ఏమీ తెలియదు. టకటకమని చప్పుడు వినబడే నాటికి తరచూ క్రాంక్‌కే గీతలు పడి ఉంటాయి. ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ పాన్ దించి బేరింగులు మార్చుకుంటే తీరిపోయే పని, ఇంజనే మార్చేదాకా వస్తుంది. అదే కంపెనీ అంతకు ముందు తరం ఎం3 కారులో ఇదే బాధ వస్తే 2001-03 మధ్య తయారైన బండ్లను కంపెనీయే పిలిపించి బేరింగులు మార్చింది. ఎం5 యజమానులకు అలాంటి పిలుపు రాలేదు.

ఇది ఒక్క కంపెనీ కథ కాదు. ఆడీ ఎస్4లో 4.2 లీటర్ల వీ8 పెట్టినప్పుడు వాల్వులు సమయానికి తెరుచుకునేలా నడిపే టైమింగ్ చైన్లను ఇంజన్ వెనక, గేర్‌బాక్స్ వైపున అమర్చారు. ఆ చైన్లు పక్కకు పోకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడ్లు విరిగితే మార్చడానికి ఇంజన్ మొత్తం దించాలి. మెర్సిడెస్ ఏఎంజీ 6.2 లీటర్ల వీ8 తొలి ఇంజన్లలో ఇంజన్ పైభాగాన్ని (సిలిండర్ హెడ్‌ను) బిగించే బోల్టులు తుప్పుపట్టి తెగడం మా పనివాళ్లందరికీ తెలుసు. ఇంజన్‌లోకి గాలిని నెట్టే, బాగా వేడెక్కే రెండు టర్బోలనూ సిలిండర్ వరుసల మధ్య ఇరికించిన బీఎండబ్ల్యూ వీ8లో, ఆయిల్ సిలిండర్లలోకి కారకుండా ఆపే వాల్వ్ సీళ్ల గతి పొయ్యి పక్కన పెట్టిన రబ్బరు గతే. అవి గట్టిపడి ఇంజన్ ఆయిల్ తాగుతుంది. చివరికి 2014 డిసెంబరులో అమెరికాలో కంపెనీ ఒక మరమ్మతు పథకం ప్రకటించింది. అంతదాకా 24,000 కిలోమీటర్లకు ఒకసారి చాలన్న ఆయిల్ మార్పిడిని దాదాపు 16,000కు తగ్గించింది. ఆ పాత గడువు ఎక్కువని మెకానిక్‌లు ముందునుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు.

గేర్‌బాక్స్ ఆయిల్ విషయం ఇంకా విచిత్రం. అది బండి జీవితాంతం పనిచేస్తుందని, మార్చనక్కర్లేదని కొన్ని కార్ల కంపెనీలు చెబుతాయి. ఆ గేర్‌బాక్సులను తయారుచేసే జెడ్ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. కొన్నవాడు ఎవరి మాట వినాలి?

యజమానులే సరిగా చూసుకోరని కంపెనీలు అంటాయి. కొంత నిజమే. ఇంజన్ వేడెక్కకముందే యాక్సిలరేటర్ తొక్కిపట్టేవాళ్లను, ఆయిల్ తగ్గిందని దీపం వెలిగినా పట్టించుకోనివాళ్లను నేనూ చూస్తుంటాను. కానీ జాగ్రత్తగా వాడినవాడి బండిలోనూ అదే బేరింగు, అదే గైడు పోతుంటే తప్పు వాడకంలో ఉందని ఎలా అనగలం?

అసలు చిక్కు చట్టంలో ఉంది. రీకాల్, అంటే బండ్లను వెనక్కి పిలిపించి బాగుచేయడం, ప్రధానంగా ప్రాణాపాయం ఉన్న లోపాలకే తప్పనిసరి. బ్రేకు పనిచేయకపోతే బండిని వెనక్కి పిలుస్తారు. ఇంజన్ ముందే అరిగిపోతే అది భద్రతకు సంబంధించింది కాదంటారు గనుక పిలవాలన్న నిర్బంధం లేదు. ఆ లోపం గురించి డీలర్లకు సర్వీస్ బులెటిన్ (లోపాన్నీ దాని మరమ్మతునూ వివరించే కంపెనీ సూచన పత్రం) వెళ్తుంది, యజమానికి వెళ్లదు. వారంటీ అయిపోయాక బండి రెండో చేతికో మూడో చేతికో మారుతుంది, ఖర్చంతా అక్కడ పడుతుంది. అమెరికాలో 2012 నాటి చట్టం తర్వాత ఇలాంటి బులెటిన్లను ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చదవవచ్చు. మిగతా దేశాలకూ ఈ నియమం రావాలి. ఛాసిస్ నంబరు కొడితే ఆ బండికి వర్తించే బులెటిన్లన్నీ కనిపించాలి. ఒక భాగం డిజైన్‌లోనే లోపముందని కంపెనీ తన బులెటిన్‌లో ఒప్పుకున్నప్పుడు, ఆ భాగానికి వారంటీ యజమాని మారినా కొనసాగాలి.

మీ పత్రిక కూడా కొత్త సెడాన్ సమీక్షతో పాటు దాని పాత మోడల్ లక్ష కిలోమీటర్ల తర్వాత ఎలా ఉందో ఒక పెట్టెలో వేస్తే, కొనేవాళ్లకు అక్కరకొస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక మెకానిక్