మన అపార్ట్‌మెంట్ కామన్ కరెంటు పనుల జమా ఖర్చులు (2025 జూన్ - 2026 ఫిబ్రవరి)

అందరికీ నమస్కారం. కామన్ కరెంటు బిల్లు తగ్గించే పనిని జూన్ 15 జనరల్ బాడీలో ముగ్గురు సభ్యుల కమిటీకి అప్పగించారు. పనులన్నీ పూర్తయ్యాయి, సబ్సిడీ కూడా ఖాతాలో పడింది. కాబట్టి పైసాతో సహా లెక్క అప్పజెప్పాలి. కోశాధికారిగా రాస్తున్నది నేను, తప్పు దొరికితే అడగాల్సిందీ నన్నే.

ముందు మొత్తాలు చెప్పేస్తాను. జమ 13,26,866 రూపాయలు. ఖర్చులు, తిరిగి కట్టినవి కలిపి 13,15,014. బ్యాంకులో నిల్వ 11,852.

జమ ఇలా వచ్చింది:

ఫ్లాట్ల చందా: 5,42,000
కార్పస్ ఫండ్ (సొసైటీ నిల్వ నిధి) నుంచి తీసుకున్నది: 3,00,000
ముగ్గురు సభ్యులు ఇచ్చిన చేబదులు: 2,00,000
కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ: 2,67,300
పాత మోటారు, పాత ట్యూబ్‌లైట్ల సామాను అమ్మగా: 15,250
బ్యాంకు వడ్డీ: 2,316

64 ఫ్లాట్లకు తొమ్మిదేసి వేలు అనుకున్నాం. 58 ఫ్లాట్లవాళ్లు పూర్తిగా ఇచ్చారు, నలుగురు ఐదేసి వేలు ఇచ్చారు, ఇద్దరు ఇంకా ఇవ్వలేదు. రావాల్సింది 34,000. ఫ్లాట్ నంబర్లు నోటీసు బోర్డు మీద పెట్టమని కొందరు అన్నారు, పెట్టలేదు. ఒక ఇంట్లో ఆస్పత్రి ఖర్చులున్నాయని మాకు తెలుసు. రెండో ఇంటివాళ్లకు ఏం ఖర్చులున్నాయో మాకు తెలీదు, అయినా పెట్టలేదు.

ఇప్పుడు అసలు కథ. జూన్‌లో మొదటి కొటేషన్ తెచ్చిన సోలార్ ఆయన మన పాత బిల్లు చూసి, నెలకి 3,138 యూనిట్లు కాలుతున్నాయి కాబట్టి 25 కిలోవాట్లు పెట్టుకోమన్నాడు. ఇంటి కప్పు మీద సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో విడి ఇంటికి మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000, అంతా కలిపి 78,000 దాటదు. మనలాంటి సొసైటీల కామన్ అవసరాలకైతే కిలోవాట్‌కి 18,000. ఆ లెక్కన 25 కిలోవాట్లకు నాలుగున్నర లక్షలు. ఆ అంకె వినగానే మీటింగులో సగం మంది చేతులెత్తేశారు, పెట్టేద్దామని. "గవర్నమెంటు ఇస్తానంటే వద్దంటారేంటండీ?" అని పెద్దాయన ఒకాయన మా మీద కోప్పడ్డారు కూడా.

మేం వద్దన్నది సబ్సిడీని కాదు. సబ్సిడీ నాలుగున్నర లక్షలైతే, మిగిలిన తొమ్మిది లక్షల పైచిలుకు మన జేబుల్లోంచే పోవాలి. అదీగాక ఆ 3,138 యూనిట్లు ఎక్కడ కాలుతున్నాయో ఎవరూ చూడలేదు. ఒక ఆదివారం ఎలక్ట్రీషియన్‌ని వెంటబెట్టుకుని సెల్లార్ నుంచి టెర్రస్ దాకా తిరిగాం. కారిడార్లలో, పార్కింగులో 86 పాత ట్యూబ్‌లైట్లు, అన్నీ చోకులవే. చోకుతో కలిపి ఒక్కోటి సుమారు 50 వాట్లు. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా వెలిగితే ఒక్క ట్యూబు నెలకి 18 యూనిట్లు తింటుంది. 86 ట్యూబులంటే దాదాపు పదిహేను వందల యాభై యూనిట్లు. బిల్లులో సగం అక్కడే పోతోంది.

ఇంక సంపు దగ్గర మోటారు. ఏడున్నర హెచ్‌పీ, మూడుసార్లు వైండింగ్ చేయించినది. చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. ఆ వేడంతా మనం డబ్బులు కట్టిన కరెంటే. ఇన్నేళ్లూ "బానే నడుస్తోంది కదా" అనుకుంటూ వచ్చాం, నాతో సహా.

అందుకే ముందు కాల్చేది తగ్గించి, తర్వాత ఎంత తయారు చేసుకోవాలో చూద్దామని పట్టుబట్టాం. ఈ వరస మేం కొత్తగా కనిపెట్టిందేం కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి విశాఖని అతలాకుతలం చేశాక, ఊళ్లో 90 వేలకు పైగా వీధి దీపాలు ఎల్‌ఈడీకి మారాయి. కేంద్ర విద్యుత్ శాఖ కింద ఉన్న ఈఈఎస్ఎల్ ముందు పెట్టుబడి పెట్టి, ఆదా అయిన బిల్లులోంచి కార్పొరేషన్ దగ్గర ఏళ్ల తరబడి వాయిదాల్లో తీసుకునే ఏర్పాటు అది. ముడసర్లోవ రిజర్వాయర్ మీద 2 మెగావాట్ల తేలే సోలార్ ఆ తర్వాత, 2018లో వచ్చింది. అంత పెద్ద ఊరు నడిచిన దారిలో 64 కొంపలు నడవలేవా అని మీటింగులో అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను, క్షమించాలి.

జులై, ఆగస్టుల్లో చేసిన ఈ మొదటి విడత ఖర్చులు:

18 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు 86, ఒక్కోటి 265 చొప్పున: 22,790
మెట్ల దగ్గర, పార్కింగులో సెన్సార్లు 22, ఒక్కోటి 420 చొప్పున: 9,240
ఎలక్ట్రీషియన్ కూలీ: 7,360
5 హెచ్‌పీ ఫైవ్ స్టార్ మోటారు 38,600, స్టార్టర్, పైపు సామాను 9,450, బిగింపు కూలీ 4,500, వెరసి: 52,550
పనికిరాకుండా పోయిన సెన్సార్లు 12, ఒక్కోటి 290 చొప్పున: 3,480

చివరిది మా తప్పు. చవగ్గా వస్తున్నాయని ముందు ఆన్‌లైన్‌లో డజను తెప్పించాం. రెండో అంతస్తులో బల్లి పాకినా లైటు వెలిగేది, మనిషి వస్తే వెలిగేది కాదు. తిరిగి పంపే గడువు కూడా దాటబెట్టుకున్నాం. ఆ 3,480 కమిటీ వాళ్లం ముగ్గురం భరిస్తామన్నాం, జనరల్ బాడీ ఒప్పుకోలేదు. అందుకే లెక్కలో చూపిస్తున్నాం.

ఈ విడత మొత్తం 95,420. బిల్లు 30,960 నుంచి సెప్టెంబరులో 16,730కి దిగింది. నెలకి 14,230 మిగులు, అంటే పెట్టిన డబ్బు ఏడు నెలల్లో వెనక్కి. దీనికి ప్రభుత్వం నుంచి ఒక్క రూపాయి రాలేదు, మేం అడగనూ లేదు. సబ్సిడీ గురించి రెండు గంటలు వాదించుకున్న మీటింగులో ట్యూబ్‌లైట్ల గురించి ఐదు నిమిషాలు కూడా మాట్లాడుకోలేదని గుర్తొస్తే నవ్వొస్తుంది.

వాడకం 1,740 యూనిట్ల దగ్గర నిలబడింది. మన దగ్గర ఒక కిలోవాట్ రోజుకి సగటున నాలుగు యూనిట్లు ఇస్తుందనుకుంటే 15 కిలోవాట్లు చాలు. మిగులు కరెంటు గ్రిడ్‌కి పోతే మనకొచ్చే రేటు, మనం 400 యూనిట్లు దాటాక కట్టే 9 రూపాయల 75 పైసల దరిదాపుల్లో కూడా ఉండదు. కాబట్టి పెద్దది పెట్టి లాభం లేదు. 550 వాట్ల ప్యానెల్స్ 27 బిగించాం, అంటే 14.85 కిలోవాట్లు. కొటేషన్‌లో 15 అని గుండుగుత్తగా రాశారు. సబ్సిడీ మాత్రం నిజంగా బిగించినదానికే లెక్కగడతారు. అందుకే బిల్లు కూడా 14.85కే రాయించాం. కిలోవాట్‌కి 51,000 చొప్పున 7,57,350, జీఎస్టీతో కలిపి 8,24,754.

జీఎస్టీ దగ్గర మనకి కాలం కలిసొచ్చింది. సెప్టెంబరు 22 నుంచి సోలార్ సామాను మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. సామాను 70 పాళ్లు, పని 30 పాళ్లుగా లెక్కేస్తారు, పని మీద 18 శాతం అలాగే ఉంది. మొత్తానికి 13.8 శాతం పడాల్సింది 8.9 పడింది. పాత కొటేషన్ మీద సంతకం పెట్టేసి ఉంటే 37,110 ఎక్కువ కట్టేవాళ్లం. పది రోజులు ఆగుదామన్నది మా కార్యదర్శిగారు, ఆ మెప్పు ఆయనదే.

ఇంకొకాయన కిలోవాట్ 43,000కే ఇస్తానన్నాడు. ఎందుకు తీసుకోలేదని చాలామంది అడిగారు. అవి బయటి దేశం సెల్స్‌తో చేసిన ప్యానెల్స్. సబ్సిడీ కావాలంటే సెల్, ప్యానెల్ రెండూ మన దేశంలోనే తయారై ఉండాలి (వాటినే డీసీఆర్ అంటారు), బిగించేవాళ్లు పథకం పోర్టల్‌లో నమోదై ఉండాలి. కిలోవాట్‌కి 8,000 తగ్గించుకోబోయి 18,000 పోగొట్టుకునేవాళ్లం.

సోలార్‌కి సంబంధించిన మిగతా ఖర్చులు:

నెట్ మీటర్ (గ్రిడ్ నుంచి తీసుకున్నదీ, గ్రిడ్‌కి ఇచ్చినదీ లెక్కగట్టే మీటరు), టెస్టింగ్ ఫీజులు: 14,870
టెర్రస్ మీద నెర్రెలు పూడ్పించి వాటర్‌ప్రూఫింగ్: 18,600
ప్యానెల్స్ కడగడానికి కుళాయి లైను, పొడుగు కర్ర వైపర్: 6,350
మీటరు పేరు మార్పిడి, అఫిడవిట్లు: 3,240
జిరాక్సులు, ఆటోలు: 1,780

పేరు మార్పిడి అన్న 3,240 చిన్న మొత్తమే, కానీ మాకు నిద్ర లేకుండా చేసింది అదే. దరఖాస్తు పెట్టబోతే తెలిసింది, కామన్ మీటరు ఇప్పటికీ బిల్డర్ పేరు మీదే ఉందని. పదహారేళ్లుగా బిల్లు కడుతున్నది మనం, కాగితం మీద వినియోగదారు ఆయన. సబ్సిడీ సొసైటీ ఖాతాలో పడాలంటే మీటరు, బ్యాంకు ఖాతా, పాన్ అన్నీ సొసైటీ పేరుతోనే ఉండాలి. బిల్డర్ ఊళ్లో లేరు, ఫోను ఎత్తరు. సొసైటీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, జనరల్ బాడీ తీర్మానం, పాత బిల్లులు పట్టుకుని తిరిగి నెల రోజుల్లో మార్పించాం. ఇది చదువుతున్న వేరే అపార్ట్‌మెంట్ వాళ్లెవరైనా ఉంటే, కొటేషన్లకన్నా ముందు మీ కామన్ బిల్లు మీద ఎవరి పేరుందో చూసుకోండి.

10 కిలోవాట్ల లోపైతే సాంకేతిక పరిశీలన అక్కర్లేదు, మనది దాటింది కాబట్టి ఆ అనుమతికి ఆగాం. అది రాగానే అక్టోబరు చివర మొంథా తుపాను, స్ట్రక్చర్ పని పది రోజులు ఆగింది. ప్యానెల్స్ పార్కింగులో టార్పాలిన్ కింద పెట్టి వాచ్‌మన్ కాపలా కాశాడు. సముద్రం గాలికి తుప్పు పట్టకుండా గాల్వనైజ్డ్ స్ట్రక్చర్ వేయించాం, గాలి పట్టకుండా ఎత్తు తగ్గించాం. కింద బట్టలారేసుకునే చోటు పోయిందని ఫిర్యాదులొచ్చాయి. నిజమే, పోయింది.

ఇంక చేబదులు సంగతి. సబ్సిడీ అంటే ముందే ఇస్తారనుకుంటాం. కానీ ప్యానెల్స్ బిగించి, నెట్ మీటర్ పెట్టి, తనిఖీ అయ్యాకే అది వచ్చేది. మనకి జనవరి 21న పడింది. అప్పటిదాకా సరఫరాదారుకి పూర్తి డబ్బు మనమే కట్టాలి. చందా, కార్పస్ కలిపినా చాలక ముగ్గురు సభ్యులు, ఒకరు లక్ష, ఇద్దరు యాభైవేసి, వడ్డీ లేకుండా సర్దారు. సబ్సిడీ పడిన మూడో రోజునే 2,00,000 తిరిగి ఇచ్చేశాం. కార్పస్‌కి 1,50,000 జమ చేశాం, ఇంకా 1,50,000 బాకీ.

జనవరి బిల్లు 1,120 వచ్చింది. వానాకాలంలోనూ ఇలాగే వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. సబ్సిడీ పోను సోలార్ మీద మనకి పడింది, ఆటో ఖర్చులు వదిలేస్తే, 6,00,514. సెప్టెంబరు బిల్లు 16,730తో పోలిస్తే ఇప్పుడొస్తున్న మిగులే కొనసాగితే అది తిరిగి రావడానికి మూడేళ్ల పైన రెండు నెలలు పడుతుంది.

మెయింటెనెన్స్ తగ్గించమని అడుగుతున్నారు. మార్చి నుంచి ఆగస్టు దాకా మిగులులోంచి నెలకి 25,000 కార్పస్‌కి కడితే ఆ బాకీ తీరుతుంది. తగ్గింపు మాట ఆ తర్వాతి జనరల్ బాడీలో పెడతాం. రావాల్సిన 34,000 వస్తే అదీ కార్పస్‌కే.

రసీదులు, వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక ఫైల్లో పెట్టి ఆఫీసు గదిలో ఉంచాం. ఆదివారాలు పది నుంచి పన్నెండు దాకా నేను అక్కడే ఉంటాను. పాత మోటారు 11,400కేనా పోయిందని ఇద్దరు అడిగారు, కాటా చీటీ కూడా ఆ ఫైల్లోనే ఉంది. పదిహేను రోజులకోసారి ప్యానెల్స్ కడిగినందుకు వాచ్‌మన్‌కి నెలకి 600 ఇవ్వాలని కమిటీ అనుకుంది. అభ్యంతరం ఉన్నవాళ్లు నెలాఖరులోగా చెప్పండి, లేకపోతే మార్చి జీతంతో కలిపి ఇచ్చేస్తాం.