గ్రేట్ నికోబార్ మాట గ్రేట్ నికోబార్‌లోనే వినండి

గౌరవనీయులైన కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ మంత్రి గారికి నమస్కారం.

2022 నవంబరులో అండమాన్ నికోబార్ దీవుల దక్షిణ కొసన ఉన్న గ్రేట్ నికోబార్, లిటిల్ నికోబార్ దీవుల ట్రైబల్ కౌన్సిల్, అంటే అక్కడి నికోబారీ గిరిజనుల పెద్దల సభ, అధికారులకు ఒక ఉత్తరం రాసింది. గ్రేట్ నికోబార్‌లో ప్రభుత్వం తలపెట్టిన భారీ పోర్టు, పట్టణ ప్రాజెక్టుకు అదే ఏడాది ఆగస్టులో ఇచ్చిన నిరభ్యంతర పత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నామని చెప్పింది. పూర్తి వివరాలు తమకు ఎవరూ చెప్పలేదని, సునామీకి ముందు తాము బతికిన ఊళ్ల భూములు కూడా ఈ ప్రాజెక్టులోకి వస్తాయని తర్వాతే తెలిసిందని వాళ్ల బాధ. ఆ ఉత్తరం గురించే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

ప్రాజెక్టు మీకు తెలియనిది కాదు. గలాథియా తీరంలో కంటైనర్ పోర్టు, దానికి తోడు విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, కొత్త పట్టణం. మొత్తం 166 చదరపు కిలోమీటర్లు, అందులో 130 చదరపు కిలోమీటర్లకు పైగా అడవే. ఇప్పుడు 8 వేల మంది ఉన్న దీవిలో రాబోయే ముప్పై ఏళ్లలో మూడు లక్షలకు పైగా జనం ఉంటారని ప్రణాళికలోనే రాశారు. ఇంత పెద్ద మార్పు వచ్చే చోట అక్కడి మనుషులను ఎలా అడిగారు, ఎవరిని అడిగారు? నాకు అర్థం కానిది ఇదే.

పోర్టు వద్దనే నా అభిప్రాయం. దాన్ని దాచుకోను. కానీ ఈ ఉత్తరం అందుకోసం కాదు. పోర్టు కావాలని గట్టిగా కోరుకునేవాళ్లు కూడా కాదనలేని ఒక్క విషయం అడుగుతున్నాను.

2022 ఆగస్టు 12న ఆ దీవిలోని ముఖ్య పట్టణం క్యాంప్‌బెల్ బేలో ఈ ప్రాజెక్టు మీద ప్రత్యేక గ్రామసభ పెట్టారు. అది క్యాంప్‌బెల్ బే, గోవింద్‌నగర్, లక్ష్మీనగర్ పంచాయతీల సభ. 1969 నుంచి ప్రభుత్వం తీసుకొచ్చి స్థిరపరచిన మాజీ సైనికుల కుటుంబాలు, ఆ తర్వాత ఉద్యోగాలకు, వ్యాపారాలకు వచ్చినవాళ్లు ఉండే పంచాయతీలవి. వాళ్లకూ మాట్లాడే హక్కు ఉంది. అడవి నరికి పొలాలు చేసుకుని, మంచి ఆసుపత్రి కోసం, సమయానికి వచ్చే ఓడ కోసం ఎదురుచూస్తూ అర్ధ శతాబ్దం గడిపినవాళ్లు పోర్టు వస్తే బాగుండునని అనుకుంటే తప్పు పట్టను. వాళ్ల భూములూ కొన్ని ఇందులో పోతున్నాయి. అయితే వాళ్ల సభ చేసిన తీర్మానం నికోబారీల తీర్మానం ఎలా అవుతుంది? నికోబారీల ఊళ్లు పంచాయతీల కింద లేవు. వాళ్లకు ఊరికో కెప్టెన్ ఉంటాడు, ఆ పైన ట్రైబల్ కౌన్సిల్ ఉంటుంది. ఆ కౌన్సిళ్లను గుర్తిస్తూ 2009లో రెగ్యులేషన్ తెచ్చింది ప్రభుత్వమే.

అటవీ హక్కుల చట్టం నియమాలు మీ శాఖ రాసినవే. గ్రామసభకు సభ్యుల్లో సగం మందికి తగ్గకుండా రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. అడవిని వేరే పనికి మళ్లించాలంటే ముందు అక్కడివాళ్ల అటవీ హక్కులు తేల్చాలని, గ్రామసభ సమ్మతి కావాలని 2009 ఆగస్టులోనే పర్యావరణ శాఖ సర్క్యులర్ ఇచ్చింది. హక్కులన్నీ గుర్తించి పరిష్కరించామని అండమాన్ నికోబార్ యంత్రాంగం 2022లో ధ్రువపత్రం ఇచ్చేసింది. ట్రైబల్ కౌన్సిల్ ఏమో 2025లో మీ శాఖకే ఫిర్యాదు చేసింది, ఆ ప్రక్రియ అసలు మొదలే కాలేదని. ఈ రెండు మాటలూ నిజం కావడానికి వీల్లేదు. ఏది నిజమో తేల్చే అధికారం మీ చేతుల్లో ఉంది.

ఏజెన్సీలో ఒక గ్రామసభకు వెళ్లినప్పుడు ముందు రిజిస్టరు తిరిగింది, విషయం తర్వాత చదివారు. అప్పటికే సగం సంతకాలు, వేలిముద్రలు పడిపోయాయి. నా పోడు భూమి ఏమవుతుందని ఒక పెద్దావిడ లేచి అడిగితే, అది తర్వాత మాట్లాడదాం కూర్చోమన్నారు. ఆమె కూర్చుంది. మినిట్స్‌లో "ఏకగ్రీవం" అని రాశారు. అందుకే క్యాంప్‌బెల్ బే వార్త చదివినప్పుడు నాకు ఆ పెద్దావిడ గుర్తొచ్చింది. వందల పేజీల ఇంగ్లిష్ నివేదికను ఏ నికోబారీ కెప్టెన్‌కు ఎవరు కూర్చోబెట్టి వాళ్ల భాషలో చెప్పారు?

మన దగ్గర దీనికి మంచి ఉదాహరణ ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుల భూమి గురించి 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టినదే. 2013లో ఒడిశాలోని నియమగిరి కొండల విషయంలో అదే కోర్టు, కొండ మీద తవ్వకాలు జరగాలో వద్దో గ్రామసభలే చెప్పాలంది. మా ఉత్తరాంధ్ర సరిహద్దు దాటితే వచ్చే రాయగడ, కలహండి జిల్లాల్లో 12 ఊళ్లలో సభలు పెట్టారు. జిల్లా జడ్జి స్థాయి అధికారి ఎదురుగా కూర్చున్నారు. కొన్ని ఊళ్లలో ఓటర్లు పట్టుమని యాభై మంది లేరు. అయినా ఆ ఊరి సభ ఆ ఊళ్లోనే జరిగింది. పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి, కేంద్రం ఒప్పుకుంది. ఊరు చిన్నదని లెక్కలోంచి తీసేయలేదు.

దీవిలో ఇది ఇంకా ముఖ్యం. అండమాన్ నికోబార్‌కు శాసనసభ లేదు. మొత్తానికి ఒక్క ఎంపీ. కోపం వస్తే వెళ్లి నిలదీయడానికి దగ్గర్లో ఎమ్మెల్యే అనే మనిషే ఉండడు. పరిపాలన నడిచే శ్రీ విజయపురం, మనకు అలవాటైన పోర్ట్ బ్లెయిర్, అక్కడికి 500 కిలోమీటర్లకు పైగా దూరం, అదీ సముద్రం మీద. ఇలాంటి చోట ఊరి సభను, కౌన్సిల్‌ను పక్కన పెడితే జనం మాట వినే చోటు ఇంకొకటి మిగలదు.

అదే దీవి అడవుల్లో ఉండే మరో గిరిజన తెగ, షోంపెన్‌ల సంగతి తలుచుకుంటే మరీ బాధగా ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో వాళ్లు 229 మంది. అడవిలోనే ఉంటూ బయటివాళ్లకు దూరంగా బతికే ఆ మనుషులను సభకు పిలిచి చేతులెత్తమనలేం. పెద్ద ప్రాజెక్టు ఏదొచ్చినా వాళ్ల క్షేమానికే మొదటి స్థానం ఇవ్వాలని 2015లో వాళ్ల కోసం చేసిన విధానంలో రాశారు. వాళ్ల తరఫున ఏ అధికారీ "సరే" అనకూడదు. అడగలేని మనిషి దగ్గర ఒప్పుకోలు దొరకదు కదా, ఆ అడవి జోలికి వెళ్లకుండా ఉండటమే దారి.

మంత్రి గారూ, ట్రైబల్ కౌన్సిల్ వెనక్కి తీసుకున్న పత్రాన్ని చెల్లనిదిగా మీ శాఖ రాతపూర్వకంగా ప్రకటించాలి. నికోబారీల ప్రతి ఊళ్లో, వాళ్ల కెప్టెన్ల ఆధ్వర్యంలో, వాళ్ల భాషలో, పటాలు నేల మీద పరిచి కొత్తగా సభలు జరపాలి. కాగితాలు కనీసం కొన్ని నెలల ముందు చేరాలి. సెటిలర్ల పంచాయతీల్లో విడిగా సభ జరగాలి. ఆ తర్వాత రెండు వర్గాలూ కలిసి వాదించుకునే సభ కూడా ఉంటే మంచిదని నాకనిపిస్తుంది, ఒకే దీవిలో బతకాల్సినవాళ్లు కాబట్టి. అప్పటిదాకా ఒక్క చెట్టు మీద కూడా గొడ్డలి పడకూడదు.

ఇంకొకటి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చాక నికోబారీ కుటుంబాలను రాజీవ్‌నగర్, న్యూ చింగెన్ పునరావాస కాలనీలకు తరలించారు. కొన్నాళ్లకు వెనక్కి వెళ్లొచ్చని వాళ్లు అనుకున్నారు. తమ పాత ఊళ్లు చింగెన్‌కు, కొకియోన్‌కు తిరిగి వెళ్లనివ్వమని ఇరవై ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. మీరు గ్రేట్ నికోబార్ వెళ్తే క్యాంప్‌బెల్ బే గెస్ట్ హౌస్ దగ్గర ఆగిపోకండి. రాజీవ్‌నగర్‌లో ఆ రేకుల ఇళ్ల మధ్య ఒక పూట కూర్చుని, ఎప్పుడు వెళ్లనిస్తారని వాళ్లు అడిగితే ఒక తేదీ చెప్పి రండి.

ఇట్లు,
ఉత్తరాంధ్ర నుంచి ఒక పౌరుడు