మా నెట్ సెంటర్లో విండోస్ ఎందుకు తీసేశామంటే

తిరుపతి బైరాగిపట్టెడలో మా జిరాక్స్, నెట్ సెంటర్‌కు వచ్చే అందరికీ నమస్కారం. కౌంటర్ ముందు సిస్టమ్‌లు ఆన్ చేస్తే ఇప్పుడు కిటికీ గుర్తు రావడం లేదు. "అన్నా, వైరస్ ఏమైనా వచ్చిందా?" అని కొందరు అడుగుతున్నారు. వైరస్ కాదు. కస్టమర్లు వాడే సిస్టమ్‌లన్నిట్లో విండోస్ తీసేసి లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) వేశాం. ఎందుకు వేశామో, దానివల్ల మీకు ఏ పనులు ఆగుతాయో దాచకుండా చెబుతాను.

ముందు డబ్బు సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది. మా దగ్గరున్నవి నాలుగో జనరేషన్ ఐ3లు. ఎస్‌ఎస్‌డీ వేయించాక హాయిగా నడుస్తున్నాయి. చెడిపోని మిషన్లను పాత ఇనుము బండికి వేయడానికి నాకు మనసొప్పలేదు, అన్నీ కొత్తవి కొనే స్తోమత కూడా లేదు.

డబ్బొక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. రాత్రి షట్టర్ దించే వేళకు నెట్ సెంటర్ కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఎలా ఉంటుందో మీరెప్పుడూ చూసి ఉండరు. పది మంది ఆధార్ పీడీఎఫ్‌లు, పాన్ కార్డులు, ఈఏపీసెట్ హాల్ టికెట్లు, కొండ మీద 300 రూపాయల దర్శనం టికెట్లు, ఎవరిదో బ్యాంక్ స్టేట్‌మెంట్, ఇంకెవరిదో స్కానింగ్ రిపోర్ట్. ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుందనుకుంటారు. పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే కదా. ఆ రెండూ పక్కనే ఉన్న హాల్ టికెట్ మీద ఉంటాయి.

అలాంటి కంప్యూటర్లో విండోస్ 11 వేస్తే మొదట మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతుంది. ఆ తర్వాత డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను వన్‌డ్రైవ్‌లో, అంటే వాళ్ల సర్వర్లో దాచుకోమంటుంది. ఇంట్లో ఒక్కరే వాడుకునే ల్యాప్‌టాప్‌కు అది మంచి సౌకర్యమే, కాదనను. ఊరందరి కాగితాలూ పడే నెట్ సెంటర్‌కు మాత్రం పనికిరాదు. 2024 మేలో రీకాల్ అని ఒకటి ప్రకటించారు. కొన్ని కొత్త కంప్యూటర్లలో స్క్రీన్ మీద కనిపించేదాన్నంతా ఎప్పటికప్పుడు ఫొటో తీసి దాచిపెట్టే ఏర్పాటు అది. సెక్యూరిటీ నిపుణులు గోల పెట్టాక ఆపి, మార్చి, ఇష్టమైతేనే ఆన్ చేసుకోండి అంటూ 2025లో వదిలారు. మా పాత సిస్టమ్‌లకు అది రాదు. కానీ వాళ్ల ఆలోచన ఎటు పోతోందో చూస్తే, మీ ఆధార్ నా కౌంటర్ మీద పెట్టించుకునే మనిషిగా నాకు టెన్షన్ పట్టుకుంది.

మింట్‌కు అకౌంట్ అక్కర్లేదు. స్టార్ట్ మెనూలో ప్రకటనలు రావు. అప్‌డేట్ వచ్చిందని చెబుతుంది, ఎప్పుడు వేసుకోవాలో నేను చూసుకుంటాను. దర్శనం టికెట్లు వదిలే రోజు పొద్దున పదింటికి అందరూ సైట్ తెరిచి కూర్చుంటే, సరిగ్గా అప్పుడే రీస్టార్ట్ అంటూ అది మొరాయించదు. నాకు బాగా నచ్చింది గెస్ట్ సెషన్. మీరు కూర్చున్నప్పుడు అతిథిగా లోపలికి వెళ్తారు, పని ముగించి లాగౌట్ కొట్టగానే మీరు దించుకున్న ఫైళ్లు, బ్రౌజర్ హిస్టరీ, లాగిన్లు అన్నీ చెరిగిపోతాయి. అందుకే ఒక మాట ముందే చెబుతున్నా: "నిన్న ఇక్కడే సేవ్ చేశాను, చూడన్నా" అంటే ఇక నేనేమీ చేయలేను. పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి, లేదా మీ మెయిల్‌కే పంపుకోండి.

పెన్‌డ్రైవ్ అంటే గుర్తొచ్చింది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయే వైరస్ యూనివర్సిటీ పిల్లల్లో సగం మందికి పరిచయమే. ఆ పెన్‌డ్రైవ్ ఇక్కడ పెడితే విండోస్‌లో మాయమైన అసలు ఫోల్డర్లు ఆ షార్ట్‌కట్‌ల పక్కనే మామూలుగా కనిపిస్తాయి, కావలసింది ప్రింట్ తీసుకోవచ్చు. వైరస్ ఇక్కడ నడవదు. అలాగని పెన్‌డ్రైవ్‌లోంచి దానంతటది పోదు కూడా, ఇంటికెళ్లి విండోస్‌లో పెట్టేముందు జాగ్రత్త.

ఇంత మంచిది ఊరికే ఎవరిస్తారని ఒక రిటైర్డ్ మాస్టారు అడిగారు. 1991లో ఫిన్లాండ్‌లో లీనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన కెర్నల్, అంటే ఓఎస్‌కు గుండెకాయలాంటి భాగం, లినక్స్. కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టొచ్చు. మింట్ వాళ్లు విరాళాలు, స్పాన్సర్ల మీద నడుపుతున్నారు. పక్కన కేరళలో గవర్నమెంటు బడిపిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నదీ లినక్స్ కెర్నలే. మరి ఫోన్ మన వివరాలు అడుగడుక్కీ లాగడం లేదా అంటే, లాగుతుంది. కెర్నల్ మీద ఎవరు ఏం కట్టారన్నది వేరే లెక్క.

ఇక ఇబ్బందులు. అన్నిటికంటే పెద్దది వర్డ్ ఫైళ్లు. ఇక్కడున్నది వర్డ్ బదులు వాడే లిబ్రేఆఫీస్. టైమ్స్ న్యూ రోమన్, ఏరియల్ వేసి పెట్టాను. కాలిబ్రీ లేదు, దాని బదులు అదే కొలతలున్న కార్లిటో వస్తుంది, కాబట్టి ఇంగ్లిష్ రెజ్యూమేలు చాలావరకు కదలవు. తెలుగుతోనే చిక్కు. ఇంట్లో గౌతమి ఫాంటులో కొట్టిన థీసిస్ ఇక్కడ వేరే ఫాంటులో తెరుచుకుంటుంది, లైన్లు జరుగుతాయి, విషయసూచికలో పేజీ నంబర్లు తప్పుతాయి. ఎస్వీయూ, పద్మావతి మహిళా యూనివర్సిటీ నుంచి వచ్చే రీసెర్చ్ స్కాలర్లూ, దయచేసి ఇంట్లోనే పీడీఎఫ్ చేసి తీసుకురండి. బైండింగ్ షాపువాడు తొందర పెడుతుంటే ఇక్కడ కూర్చుని మార్జిన్లు సర్దుకోవడం నరకం.

పెళ్లి కార్డులు, కరపత్రాలు అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లోనే నడుస్తున్నాయి. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు, లినక్స్‌లో తెరిస్తే గజిబిజి అక్షరాలే. అందుకని ఒక పాత విండోస్ సిస్టమ్ నెట్ వైరు పీకేసి లోపలి గదిలో ఉంచాను. డీటీపీ అంతా దాని మీదే. కొత్తగా మొదలుపెట్టే పనికి మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే ఉన్నాయి, బాగుంటాయి కూడా. కానీ అను ఫాంట్లతో వాడే యాపిల్ కీబోర్డు లేఅవుట్‌కు అలవాటుపడిన మా డీటీపీ అక్కయ్య చేతులు యూనికోడ్‌కు వాడే ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌కు మళ్లవు. నేను బలవంతపెట్టను. తమిళంలో టైపు చేయాలని వచ్చే స్వాములకు మాత్రం సుఖం, కీబోర్డు మార్చుకోవడం ఒక్క నొక్కుడు.

వేలిముద్ర మిషన్‌తో చేసే పనులు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పనులు కౌంటర్ వెనక ఇంకొక విండోస్ సిస్టమ్‌లో ఉంటాయి. దాని మీద నేనొక్కణ్ణే కూర్చుంటాను. ఊళ్లో చాలా జిరాక్స్ షాపుల్లో కనిపించే ఆ చిన్న లేజర్ ప్రింటర్ కూడా (కంపెనీ పేరెందుకులే) లినక్స్‌తో కుదరక దానికే తగిలించాను. అందువల్ల రద్దీ వేళ ప్రింట్ కాస్త ఆలస్యం కావచ్చు. రేట్లు మాత్రం పెంచడం లేదు.

ఇదంతా చేశాక మీ కాగితాలు పూర్తిగా భద్రం అని చెబితే అబద్ధమే. మీరు గూగుల్లో వెతికింది గూగుల్‌కు తెలుస్తుంది, ఏ ఓఎస్ అయినా అంతే. అంతకంటే పెద్ద కన్నం షాపు వాట్సాప్ నంబర్. అందరూ ఆధార్ ఫొటో దానికే కొడతారు. 24 గంటల్లో మెసేజ్‌లు పోయేట్టు సెట్టింగ్ పెట్టాను, ప్రింట్ అయ్యాక ఫైల్ తీసేయమని కుర్రవాడికి చెప్పాను. మీరు కూడా పక్కన నిలబడి "తీసేశావా?" అని అడగండి, మేమేమీ అనుకోం.

ఇంట్లో విండోస్ 10 ల్యాప్‌టాప్ మూలన పడేసిన వాళ్లు తీసుకురండి. పెన్‌డ్రైవ్ నుంచే మింట్ నడిపి చూపిస్తాను. మీ వైఫై, కెమెరా, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో చూసుకుని, నచ్చితేనే వేయించుకోండి. వేస్తే పాతవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి కాబట్టి ఫొటోలు ముందే వేరే చోటికి కాపీ చేసుకోవాలి. ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ మీద బతికే వాళ్లు, ఆఫీసు సాఫ్ట్‌వేర్ విండోస్‌కే ఉన్న వాళ్లు మాత్రం నన్ను అడగొద్దు, వేయను.