ఈ ఏడు గోడల బీటలతోనే గడిచింది: మన రాజురా (చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర) కాలనీ తెలుగు సంఘం వార్షిక నివేదిక, 2024-25

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో గణపతి, బతుకమ్మ, పిల్లల బహుమతులు, జమాఖర్చులు ఉంటాయి, అందరూ చివరి పేజీ చూసి పక్కన పెడతారు. ఈసారి ముప్పావు వంతు బీటల గురించే రాస్తున్నాను, ఎందుకంటే ఏడాది పొడుగునా కమిటీ వాళ్ళు రోడ్డు మీద కనిపిస్తే చాలు మీరంతా ఆపి అడిగింది అదే. కిటికీ మూల నుంచి స్లాబు దాకా ఏటవాలుగా పోయిన బీట, బెడ్‌రూం తలుపు వేసవిలో పడదు, వానాకాలంలో పడుతుంది, హాల్లో టైల్స్ ఉబ్బి నడిస్తే డొల్ల మోత, ఇంటికీ మెట్లకీ మధ్య చెయ్యి దూరేంత సందు. ఒక్కో ఇంటికి ఒక్కో టెన్షన్.

మొదట అందరం తప్పు తోసింది గనుల బ్లాస్టింగ్ మీదికే. పేలుడు మోతకు వంటింట్లో గిన్నెలు కదులుతాయి కాబట్టి అలా అనుకోవడం సహజం. ఇళ్ళ దగ్గర ఆ అదురు ఎంతకు మించకూడదో గనుల భద్రత డైరెక్టరేట్ 1997లోనే చెప్పింది, అదురు తీరును బట్టి సెకనుకు 5 నుంచి 15 మిల్లీమీటర్ల వరకు. కొలిపించమని అడిగే హక్కు మనకుంది, ఆ అర్జీ మరాఠీలో రాయించి ఇచ్చాం, జవాబు రావాలి. కానీ నా మటుకు నాకు ఒక సంగతి మింగుడు పడలేదు. బ్లాస్టింగ్ వల్లే అయితే బీట వానాకాలంలో దానంతటదే ఎందుకు మూసుకుంటుంది?

దీన్ని తేల్చడానికి పెద్ద మిషన్లేమీ తేలేదు. బీటకు అడ్డంగా సన్నటి గాజు పట్టీ పెట్టి రెండు చివరలా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అంటించి, పక్కనే గోడ మీద తారీకు రాశాం. గోడ కదిలితే గాజు పగులుతుంది. మార్చిలో పెట్టిన పట్టీలు చాలావరకు మే నెలలో, ఎండ 45 దాటిన రోజుల్లో, సరిగ్గా బీట మీదే విరిగాయి. చివరి వరుసలో మూల ఇంట్లో విరిగిన రెండు ముక్కల మధ్య అగ్గిపుల్ల దూరేది. ఆగస్టు ముసురులో అదే పట్టీ చూస్తే ముక్కల అంచులు మళ్ళీ ఒకదాన్నొకటి తాకుతున్నాయి, అగ్గిపుల్ల కాదు కదా కాగితం కూడా దూరలేదు. బ్లాస్టింగ్ మాత్రం రెండు కాలాల్లోనూ జరిగింది. అర్జీ వెనక్కి తీసుకోం, కానీ మన కాలనీ వరకు అసలు కారణం కాళ్ళ కింద ఉన్న నల్లరేగడే అని కమిటీ తీర్మానించింది. ఒప్పుకోని సభ్యులున్నారు, వాళ్ళ మాట కూడా మినిట్స్‌లో రాశాం.

రేగడి సంగతి పత్తి వేసిన మన తాతలకు మనకంటే బాగా తెలుసు. (1956 దాకా రాజురా తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోదేనని కొత్తగా వచ్చిన కుటుంబాలకు మళ్ళీ ఒకసారి చెప్తున్నాను, అక్కడి రేగడీ ఇక్కడి రేగడీ ఒకటే.) దక్కను నల్లరాయి ఎండకూ వానకూ చివికి చివికి ఏర్పడిన మట్టి ఇది, ఇందులో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం ఎక్కువ, నీళ్ళు తాగితే నానబెట్టిన శనగల్లా ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. పొలంలో అయితే అది మంచిదే. ఇంటి కింద అయితే వచ్చే చిక్కు ఏమిటంటే, నడి ఇంటి కింద మట్టికి ఎండా తగలదు, వానా తగలదు, కాబట్టి దాని తడి పెద్దగా మారదు. గోడల అంచున ఉన్న మట్టి మాత్రం మేలో ఎండి దిగుతుంది, ఆగస్టులో తడిసి లేస్తుంది. నడుమ కదలదు, అంచులు దిగుతూ లేస్తూ ఉంటాయి, ఆ లాగుడు తట్టుకోలేక గోడ బలహీనంగా ఉన్న చోట, అంటే కిటికీల, తలుపుల మూలల్లో, విచ్చుకుంటుంది. పైన వెడల్పుగా కింద సన్నగా ఉన్న బీట చాలాసార్లు అంచు దిగినందుకు వచ్చింది, కింద వెడల్పుగా ఉంటే అంచు లేచినందుకు.

నమ్మని వాళ్ళ కోసం సంఘం గదిలో మట్టి పరీక్ష కూడా చేసి చూపించాం. స్కూలు ల్యాబ్ నుంచి 100 మిల్లీలీటర్ల కొలత గొట్టాలు రెండు అడిగి తెచ్చి, ఆరబెట్టి దంచి సన్న జల్లెడ పట్టిన మట్టి ఒక్కోదాంట్లో 10 గ్రాములు వేసి, ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్, ఇంకోదాంట్లో కిరోసిన్ పోసి, ఒక రోజంతా కదపకుండా వదిలేశాం. కిరోసిన్ తాగి ఈ మట్టి ఉబ్బదు, అందుకే పోల్చడానికి అది. తెల్లారి చూస్తే కిరోసిన్ గొట్టంలో మట్టి అడుగున బుద్ధిగా కూచుంది, నీళ్ళ గొట్టంలోది దాదాపు రెట్టింపు ఎత్తుకు వచ్చింది. ఆ తేడాని కిరోసిన్ కొలతతో భాగించి నూటితో గుణిస్తే శాతం వస్తుంది, 50 దాటితే పునాది విషయంలో జాగ్రత్త పడాలి, 100 దాటితే ఇంజనీరును పిలవకుండా ముగ్గు పొయ్యకూడదు. కొత్తగా ప్లాటు కొనే వాళ్ళు ఈ పరీక్ష చేయించుకోండి, గొట్టాలు మళ్ళీ అడిగి తెస్తాం.

ఇక పనుల సంగతి. బీటలకు గిలాబు కొట్టించడానికి సంఘం డబ్బు ఇవ్వమని గట్టిగానే అడిగారు. ఇవ్వలేదు. మే నెలలో బీట బాగా విచ్చుకుని ఉన్నప్పుడు గట్టి సిమెంటు కూరితే, వానలకు గోడ మళ్ళీ దగ్గరికి వచ్చేటప్పుడు ఆ సిమెంటు అడ్డం పడి పక్కన కొత్త బీట తెస్తుంది, డబ్బు గోడకు పోసినట్టే. అందుకని ఆ డబ్బంతా నీళ్ళ మీద పెట్టాం. స్లాబు మీది వాన నీళ్ళు గోడ మొదట్లో పడకుండా గొట్టాలు పొడిగించి మోరీలో కలిపించాం. వెనక సందులో మోరీ మట్టం సరిచేయించాం, నగరపరిషత్ వాళ్ళ చుట్టూ తిరగ్గా తిరగ్గా అయిన పని అది. లీకవుతున్న నల్లా పైపులు వెతికి మార్పించాం.

కూలర్ల సంగతి విడిగా చెప్పాలి, ఎవరి మనసూ నొచ్చుకోవద్దు. మార్చి నుంచి జూన్ దాకా కూలర్ లేకుండా ఈ ఊళ్ళో బతకలేం, తెలుసు. కానీ కిటికీ బయట స్టాండు మీద పెట్టిన కూలర్ నుంచి మూడు నెలలపాటు ఒకే చోట నీళ్ళు కారుతుంటే, ఇంటి చుట్టూ మట్టి ఎండి నెర్రెలు విచ్చిన రోజుల్లో ఆ ఒక్క మూల తడిసి ఉబ్బుతుంది. మేం తిరిగి చూసిన ఇళ్ళలో పెద్ద బీట ఉన్న మూలకూ కూలర్ స్టాండుకూ చుట్టరికం చాలాచోట్ల కనిపించింది. కింద తొట్టి పెట్టి, ఆ నీళ్ళు దూరంగా పారబోయండి. బట్టలు ఉతికే బండ, బోరు దగ్గర గచ్చు, పొంగే ట్యాంకు, అన్నిటికీ ఇదే మాట.

చెట్ల మీద గొడవయింది. నీలగిరి చెట్లు గోడకు ఆనుకుని ఉన్న ఇంటివాళ్ళు వెంటనే కొట్టించేస్తామన్నారు, పక్కింటివాళ్ళు వద్దన్నారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. చెట్టు వేళ్ళు మట్టిలో తడి పీల్చి గోడ కింద నేలను ఇంకా కుంగదీస్తాయి, అందుకే చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో కనీసం అంత దూరంలో నాటాలి. కానీ ఏళ్ళ తరబడి తడి పీల్చిన పెద్ద చెట్టును ఒక్కసారిగా కొట్టేస్తే, ఎండి ఉన్న ఆ మట్టి మళ్ళీ నీళ్ళు తాగి లేస్తుంది, ఇల్లు ఈసారి రెండో వైపుకు వంగుతుంది. కొట్టించేముందు ఇంజనీరుకు చూపించాలన్న చోట మాట ఆగింది.

ఇల్లు కట్టబోయే వాళ్ళకు. ఇక్కడ వాడుక ఏమిటంటే నాలుగు అడుగులు తవ్వడం, రాయి పేర్చడం, తవ్విన నల్లమట్టే బేస్‌మట్టం లోపల నింపడం. ఉబ్బిన టైల్స్‌కు చాలావరకు కారణం ఆ నింపుడే, మొరం నింపించండి, పొరలు పొరలుగా తడిపి దిమ్మిస పట్టించండి. పునాదికి అండర్ రీమ్డ్ పైల్స్ మంచివి, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఈ మట్టి కోసమే వాటి మీద ఎంతో పనిచేసింది. గుండ్రటి గుంత తవ్వి అడుగున గంటలాగా వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు, ఆ ఉబ్బు మామూలుగా గుంత వెడల్పుకు రెండున్నర రెట్లు ఉంటుంది. తడి మారని లోతుకు, సుమారు 3.5 మీటర్లకు దింపితే, పైన మట్టి ఆడినా ఇల్లు ఆడదు. పైల్స్ మీది బీము నేలకు తగలకుండా కొంచెం ఖాళీ వదలాలి, మేస్త్రీలు అదే మరిచిపోతారు. ఉన్న ఇళ్ళకైతే చుట్టూ ఒకటిన్నర, రెండు మీటర్ల గచ్చు, బయటికి వాలు పెట్టి, గోడకూ గచ్చుకూ మధ్య సందులో డాంబర్.

బీట 1 మిల్లీమీటరు లోపు ఉంటే రంగు వేసేటప్పుడు చూసుకోవచ్చు. 2 దాటితే గాజు పట్టీ పెట్టి ఒక ఏడాది చూసి, చలికాలంలో బాగుచేయించండి. ఇది వేరు, ఉన్నట్టుండి నేల కుంగడం వేరు. 2022 ఆగస్టులో మన జిల్లాలోనే ఘుగ్గుస్‌లో ఒక ఇల్లు చూస్తుండగా భూమిలోకి దిగిపోయింది. పెరట్లో గుండ్రంగా నెర్రె కనపడినా, గచ్చు ఒక్కసారిగా దిగినా, గాజు పట్టీలని ఆలోచించకుండా ఇల్లు ఖాళీ చేసి తహసీల్ ఆఫీసుకు ఫోన్ చెయ్యండి.

మిగతావి చకచకా. గణపతి, బతుకమ్మ బాగా జరిగాయి, డీజే మీద వచ్చిన ఫిర్యాదును మనలో మనమే తేల్చుకున్నాం. పదో తరగతి పిల్లలకు బహుమతులు ఇచ్చాం, ఈసారి మరాఠీ మీడియం పిల్లలకు తెలుగు చదవడం నేర్పే ఆదివారం క్లాసు సగంలో ఆగింది, చెప్పేవాళ్ళు ముందుకు రావాలి. లెక్కలు ఆడిట్ అయ్యాయి, సంఘం గది బోర్డు మీద అంటించాం, చందా బాకీలు కూడా పక్కనే ఉన్నాయి, పేర్లు ఇక్కడ రాయడం లేదు.

చివరి రెండు వరుసల్లో స్లాబు గొట్టాలు ఇంకా పొడిగించలేదు. పైపులు, క్లాంపులు కొనే పెట్టాం, సంఘం గదిలో ఉన్నాయి, మిరుగం లోపల వచ్చి పట్టుకెళ్ళండి. బిగించే మనిషి కూలి సంఘానిదే.

మీ
కార్యదర్శి