మిద్దె మీద ఎండ చాలదా అన్నావు కదా

చిన్నా,

వారానికి మూడుసార్లు బస్సెక్కి సోరియాసిస్ మచ్చలకి ఆస్పత్రిలో ఆ లైట్ల కోసం పోవడమెందుకమ్మా, చెన్నైలో ఎండకేం కరువు, మిద్దెక్కితే ఫ్రీ కదా అని నిన్న ఫోన్లో నవ్వావు, కుక్కర్ విజిలొచ్చి పెట్టేశా గానీ జవాబు నోట్లోనే ఉండిపోయింది.

పోయిన మే నెల్లో నీకు చెప్పకుండా అదే చేశాన్రా. వీపు కమిలిపోయింది, కొన్నాళ్ళకి సరిగ్గా కమిలిన చోటే కొత్త మచ్చలు లేచాయి. సోరియాసిస్‌ది అదో పాడు గుణం, దెబ్బ తగిలిన చోట పుట్టుకొస్తుంది. ఎండలో అన్ని రకాల కిరణాలూ కలిసుంటాయి, ఒంటికి ఎంత తగిలిందో లెక్కుండదు. ఆస్పత్రిలో అయితే 311 నానోమీటర్ల దగ్గరి యూవీబీ, అంటే కంటికి కనపడని అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం, అదొక్కటే, అదీ కొలిచి ఇస్తారు. మొదటిరోజు నిమిషం కూడా లేదు! బీరువా లాంటి పెట్టె, చుట్టూ నిలువు ట్యూబులు, ఫ్యాన్ హోరు. నీలంగా వెలుగుతాయట, నల్ల కళ్ళజోడు పెట్టుకుంటా కాబట్టి నాకేం కనపడదు.

ఇదేదో తోలు జబ్బనుకున్నా ఇన్నాళ్ళూ, అసలు గొడవ ఇమ్యూనిటీదట. రక్షణ కోసం ఉండాల్సిన టీ సెల్స్ అనే తెల్లకణాలు చర్మంలో చేరి ఐఎల్-17 లాంటి వాపు రేపే పదార్థాలు వదుల్తూ రెచ్చగొడితే, పైకి రావడానికి నెల పట్టాల్సిన కొత్త చర్మం నాలుగైదు రోజుల్లోనే పైకి తోసుకొచ్చేస్తుంది, పొద్దున్నే నేను పక్కమీంచి దులిపే పొట్టు అదే. ఆ లైటు తగిలితే టీ సెల్స్‌లో డీఎన్‌ఏ దెబ్బతిని చాలావరకు వాటంతటవే చచ్చిపోతాయి, గొడవ సద్దుమణిగించే రెగ్యులేటరీ సెల్స్‌కి బలమొస్తుంది. ఇమ్యూనిటీ పడిపోదా అని అడుగుతావు, తెలుసు. యూవీబీ చర్మం పైపొరలు దాటి పెద్దగా లోపలికి పోదురా, ఇమ్యూనిటీని అణిచే మెథోట్రెక్సేట్ మాత్రలా ఒళ్ళంతా తిరిగేది కాదు.

అన్నట్టు మా అమ్మమ్మ బొల్లికి బావంచాల గింజలు నూరి రాసి ఎండలో కూర్చోబెట్టేది, గుర్తుందా చెప్పాను. అందులో ఉండే సోరలెన్ జాతి మందునే మాత్రగా ఇచ్చి యూవీఏ అనే ఇంకో రకం అతినీలలోహిత లైటు పెట్టడం 1974లో సోరియాసిస్‌కి మొదలెట్టారు, పువా అంటారు. అది చాలాసార్లు తీసుకుంటే చర్మ క్యాన్సర్ రిస్క్ పెరుగుతుంది, నాకిస్తున్నది అది కాదు, కంగారుపడకు.

పూర్తిగా పోతుందా అంటే పోదు. కొన్ని టీ సెల్స్ పాత మచ్చ చోటు గుర్తుపెట్టుకుని అక్కడే కూర్చుంటాయట, అందుకే తిరగబెడితే అదే చోట. మోచేతులింకా మొండికేస్తున్నాయి. కానీ పద్దెనిమిది సిట్టింగులయ్యాక, పొట్టు కనపడుతుందని బీరువా అడుగున పడేసిన నల్లచీర తీసి మొన్న కట్టుకుని టీ నగర్ పోయొచ్చా.

అమ్మ