సిమ్యులేటర్ ముందు అరగంటేనా సార్?

మా ట్రైనింగ్ చూసే పెద్దసారుకి నమస్కారం.

పేరు రాయడం లేదు, ఎందుకో మీకు తెలుసు. కంప్యూటర్ మీద రాసే రెండు సీబీటీ పరీక్షలు, ఆప్టిట్యూడ్ టెస్టు, ఆ పైన కళ్ళద్దాలు లేకుండా 6/6 కనిపించాల్సిన ఏ-1 మెడికల్ దాటుకుని రైలు ఇంజిన్ నడిపే లోకో పైలట్ పక్కన ఉండే అసిస్టెంట్ లోకో పైలట్ ట్రైనింగ్‌కి వచ్చినవాళ్ళం. క్లాసుల మీద నాకు ఫిర్యాదు లేదు. రైలు బ్రేకులకి గాలి అందించే బ్రేక్ పైపులో చదరపు సెంటీమీటరుకి 5 కేజీలు, ఫీడ్ పైపులో 6 కేజీల ప్రెజర్ ఉండాలని నిద్రలో లేపి అడిగినా చెప్తాం.

కానీ ఇన్ని వారాల్లో ఇంజిన్ నడపడం ప్రాక్టీస్ చేసే సిమ్యులేటర్ మీద నా వంతుకి వచ్చింది అరగంట సార్. పై వైర్‌లో కరెంటు లేని ముక్క, అదే న్యూట్రల్ సెక్షన్, వచ్చే ముందు ఇంజిన్ మెయిన్ బ్రేకర్ డీజే ఓపెన్ చేయాలని బోర్డు మీద బొమ్మ గీసి చెప్తే అర్థమవుతుంది, చేతికి మాత్రం రాదు. మొదటిసారి గూడ్స్ ఇంజిన్ ఎక్కిన రాత్రి డబుల్ ఎల్లో (రెండు పసుపు లైట్ల సిగ్నల్) కనిపిస్తే, సిగ్నల్ పేరు పైకి గట్టిగా చెప్పి చెయ్యి చూపించాలి కదా, టెన్షన్‌తో గొంతు పెగల్లేదు. పక్కనున్న లోకో పైలట్ గారు తిట్టలేదు, "గట్టిగా చెప్పవయ్యా, లేకపోతే నిద్ర పట్టేది నీకే" అని నవ్వారు. ఆ ఒక్క రాత్రి నేర్చుకున్నది నెల రోజుల క్లాసులో రాలేదు.

ఇంకోటి, మా బ్యాచ్ అమ్మాయిలు ఇంజిన్‌లో బాత్రూం లేదని ట్రిప్పు ఉన్న రోజు నీళ్ళు తాగడమే మానేస్తున్నారు. దీని గురించి వేరే చెప్పాలా?

సిమ్యులేటర్ గదికి సాయంత్రం ఐదుకే తాళం పడుతోంది. ఎనిమిది దాకా తెరిచి ఉంచండి, ఎవరి వంతు ఎప్పుడో మేం చూసుకుంటాం.