బడి గేటు ముందు రోడ్డు గురించి తల్లిదండ్రులకు లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

గత మంగళవారం సాయంత్రం బడి విడిచే వేళ, గేటు ఎదుట వెనక్కి తీస్తున్న కారు తగిలి మన ఆరవ తరగతి విద్యార్థి సైకిల్‌తో సహా పడిపోయిన సంగతి మీకు తెలిసినదే. మోచేతికి మూడు కుట్లు పడినా బాబు శుక్రవారం నుంచి బడికి వస్తున్నాడు. ఆ కారు బయటివారిది కాదు, మన విద్యార్థి తల్లిదండ్రులదే. ఇకపై పిల్లలను నడిపించి పంపబోమని పలువురు నాతో అన్నారు. మీ భయం న్యాయమైనదే. కానీ దానివల్ల గేటు ముందు మరిన్ని బండ్లు చేరతాయే తప్ప ప్రమాదం తగ్గదు.

నెదర్లాండ్స్‌లో 1971లో ఒక్క ఏడాదే 400 మందికి పైగా పిల్లలు రోడ్లపై చనిపోయారు. అక్కడి తల్లిదండ్రులు పిల్లలను ఇంట్లో దాచలేదు, వీధులను మార్చమని రోడ్డెక్కారు. ఈనాడు అక్కడి పిల్లలు తమంతట తాము సైకిళ్లపై బడికి వెళ్తున్నారంటే ఆ పట్టుదల వల్లనే. మన దేశంలోనూ ప్రమాణాలున్నాయి. రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ సూచన ప్రకారం ఫుట్‌పాత్‌పై నడిచేందుకు అడ్డులేని చోటు కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, దాని ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. మన ఏడవ తరగతి పిల్లలు గణితం పీరియడ్‌లో టేపు పట్టుకుని చౌరస్తా దాకా కొలిచి వచ్చారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 70 సెంటీమీటర్లే తేలింది. స్పీడ్ బ్రేకర్ ఒకచోట, జీబ్రా గీతలు ఇంకోచోట ఎందుకని, రెండింటినీ కలిపి ఫుట్‌పాత్ ఎత్తున కడితే బండి తప్పక నెమ్మదిస్తుంది కదా అని వారిలో ఒక అమ్మాయి అడిగింది. ఇంజనీర్లు చేసే పని సరిగ్గా అదే! ఆ బిడ్డ అంతవరకు తానే ఆలోచించి వచ్చినందుకు నాకు పట్టలేని సంతోషం కలిగింది. పిల్లలు గీసిన పటాన్ని జతచేసి అధికారులకు వినతిపత్రం అందజేశాము.



ఇక మీకొక విన్నపం, నిజానికి ఇది మూడవసారి. దయచేసి బండ్లను గేటుకు ఆనించి ఆపకండి, రాంగ్ రూట్‌లో రాకండి. చౌరస్తా అవతలే దింపితే మిగిలిన దూరం పిల్లలు నడుస్తారు, పది నిమిషాలు ముందు బయలుదేరితే సరిపోతుంది. తొమ్మిదవ తరగతి పిల్లల చేతికి స్కూటీ తాళాలిచ్చే పెద్దలు 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టాన్ని ఒకసారి గమనించగలరు. మైనరు నడిపి నేరం జరిగితే సంరక్షకులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు ఉన్నాయి.

సోమవారం నుంచి ఉదయం 8:15కు బాలసముద్రం వైపు నుంచి ఇద్దరు ఉపాధ్యాయులు పిల్లలతో కలిసి నడిచి వస్తారు. మీ పిల్లల పేర్లను శనివారంలోగా ఆఫీసులో ఇవ్వగలరు.

భవదీయ,
ప్రధానోపాధ్యాయురాలు, హనుమకొండ